అడుగుకు అరంగుళం

1930లు ముగింపుకు వస్తున్న కాలంలో నేను ఏలూరులో ఒక ఐసు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా ఉండేవాణ్ని. కొల్లేటి చేపలు పడవల మీద కాలువ రేవుకు వచ్చేవి. బుట్టల్లో ఒక పొర ఐసు, ఒక పొర చేప చొప్పున పేర్చి వాటిని కలకత్తా బండికి ఎక్కించేవారు. ఆ ఐసును తయారుచేసే ఇంజను, కంప్రెసరు, అమ్మోనియా గొట్టాలు, ఉప్పునీటి తొట్లు నా ఆధీనంలో ఉండేవి. ముప్పై గుర్రాల బలం గల ఆయిలింజను, ఎనిమిదిమంది మనుషులు, పగలూ రాత్రీ తిరిగే బెల్టులు. వేడిని ఒకచోటి నుంచి తీసి మరొకచోట పారబోయడానికి ఇంత సరంజామా అవసరమని నేను ఇంజనీరింగు స్కూలులో చదువుకున్నాను, ప్రతిరోజూ కళ్లారా చూస్తున్నాను. అందువల్ల చలి అనేది మా షెడ్డుకు సొంత ఆస్తి అనే భావం నాలో స్థిరపడిపోయింది.

అత్తవారింట్లో నా స్థానం కూడా ఆ చలి మీదే నిలబడి ఉండేది.

మా అత్తగారు మండవల్లిలో ఉండేవారు. మామగారు పోయాక ఆమెకు మధుమేహం బయటపడింది. గుడివాడ డాక్టరు ఇన్సులిన్ రాసి, మందు సీసాను చల్లగా ఉంచకపోతే సూది పొడిచినా పొడవకపోయినా ఒకటేనని హెచ్చరించాడు. మండవల్లిలో చల్లదనం ఎక్కడ దొరుకుతుంది? నేను దొరికించాను. టేకుపలకలతో రెండు గోడల పెట్టె ఒకటి చేయించి, గోడల మధ్య మూడంగుళాల మందాన వడ్ల ఊక దట్టించి, లోపల రేకు పరిచాను. గోనె చుట్టిన ఐసుదిమ్మ ఒకటి అందులో పెడితే మూడు రోజులు నలభై ఎనిమిది, యాభై ఫారన్‌హీటు డిగ్రీల మధ్య నిలిచేది. ఏలూరు నుంచి మండవల్లికి రైల్లో పోవాలంటే బెజవాడ, గుడివాడ చుట్టిరావాలి. అంతసేపు ఐసు ఆగదు. కొల్లేటికోట పడవతను ఒకడు చేపలు దింపి తిరిగి వెళ్లేటప్పుడు ప్రతి మూడో రోజూ ఒక దిమ్మను సరస్సు దాటించి ఆ ఒడ్డున బండికెక్కించేవాడు. ఆదివారాలు నేనే స్వయంగా ఆ దిమ్మతో పాటు వెళ్లేవాణ్ని.

ఆ కాలంలో అత్తగారు అల్లుళ్ల ఎదుటికి వచ్చేవారు కాదు. మాట్లాడవలసి వస్తే తలుపు చాటు నుంచి మాట్లాడేవారు. పెళ్లయి పదకొండేళ్లయినా నేను ఆమె ముఖాన్ని సరిగా చూసి ఎరుగను. ఆదివారం నేను గుమ్మంలో అడుగుపెట్టగానే తలుపు వెనక గాజుల చప్పుడు, ఆ వెంటనే ఆమె గొంతు:

"పెద్దబాబుగారు వచ్చారా అండీ? ఎండనపడి వచ్చారు. ముందు కాళ్లు కడుక్కోమనండి. ఐసు తరవాత చూసుకోవచ్చు."

'ఐసు తరవాత' అన్న ఆ రెండు మాటల కోసమే నేను ఆరు గంటల ప్రయాణం చేసేవాణ్నని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఆ ఇంటికి ఇంకొక అల్లుడు ఉన్నాడు. నా భార్య చెల్లెలి భర్త, నాకు తోడల్లుడు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు. చదువు మూడో ఫారంతో ఆగింది, డబ్బు ఆగలేదు. అతను వస్తే ఆ ఇంటికి పళ్లబుట్టలు, పట్టుచీరలు వచ్చేవి. కాని పళ్లు తినేస్తే అయిపోయేవి. నా ఐసు అత్తగారి ప్రాణంలో భాగమైంది. ఆ తేడాను నేను ఎన్నడూ పైకి అనలేదు. లోపల మాత్రం రోజూ కొలుచుకునేవాణ్ని.

ఒక మాఘమాసపు సాయంత్రం నా భార్య చేతిలో ఉత్తరంతో వంటింటి గుమ్మంలో నిలబడింది.

"చెల్లెలు రాసిందండీ. మరిదిగారు అమ్మకి ఐసుబీరువా కొన్నారట. మద్రాసు నుంచి తెప్పించారట. ఇంక ఐసు పంపక్కర్లేదట, లోపల దానంతటదే తయారవుతుందట."

"కరెంటు లేని ఊళ్లో దేంతో తయారవుతుంది?"

"దీపంతోనట."

"దీపంతో ఐసా? మీ చెల్లెలు ఏదో పొరబడి రాసుంటుంది."

"రాసింది చదువుతున్నానండీ. నేనేం కనిపెట్టలేదు కదా, నామీద కేకలెందుకూ!"

నేను కేకలు వేస్తున్నానని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ ఆదివారం వెళ్లి చూశాను. వసారాలో తెల్లటి ఎనామెలు పూత పూసిన బీరువా, నా భుజాల ఎత్తు. అడుగున ఒక చిన్న కిరసనాయిలు దీపం, బొటనవేలంత నీలిమంట. పై అరలో, నా కళ్లముందే, అచ్చులో గడ్డకట్టిన ఐసు. బెల్టు లేదు, చక్రం లేదు, చప్పుడు లేదు. గొట్టంలోని అమ్మోనియా, నీరు ఆ మంట వేడికి విడిపోయి, పైకి పోయి, చల్లారి, తమ బరువుతో తామే కిందికి జారి మళ్లీ కలిసే ఏర్పాటు అది. సిద్ధాంతం నాకు తెలుసు, పుస్తకంలో చదివాను. కాని ఎనిమిదిమంది మనుషులతో నేను చేసే పనిని ఒక ఒత్తి చేస్తుంటే ఎదురుగా నిలబడి చూడటం వేరు. తోడల్లుడి మీద కంటే ముందు ఆ యంత్రం మీదే నాకు అసూయ పుట్టింది. అది అంత అందంగా ఆలోచించిన వస్తువు.

"అన్నగారండీ, మీరే చెప్పాలి, మంచిదేనా అండీ?" అన్నాడు తోడల్లుడు. కొన్న తరవాత అడుగుతున్నాడు.

"చూడాలి. వీటికి ఇబ్బందులుంటాయి" అన్నాను.

తలుపు వెనక నుంచి అత్తగారు అన్నారు: "పోనీలెండి. ఇంక పెద్దబాబుగారికి ఈ తిప్పలు తప్పాయి."

ఆమె దయతోనే అన్నారు. నాకు మాత్రం ఉద్యోగంలోంచి తీసేసినట్టు వినిపించింది. నా టేకుపెట్టెను అప్పటికే పెరటి వసారాలోకి మార్చారు. దాని మీద ఎవరో చేట ఆరబెట్టారు.

అయిదు రోజులకు కబురు వచ్చింది. ఐసుబీరువా చల్లబడటం లేదు, దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. ఆ కబురు తెచ్చిన పడవతనికి నేను అవసరానికి మించి మర్యాద చేశాను. కాఫీ ఇప్పించాను. అదే పడవలో ఒక దిమ్మ వేయించుకుని, ఉపకరణాల సంచీ సర్దుకుని, పండుగకు పోతున్నవాడిలా బయలుదేరాను. అత్తగారి మందు సీసాను మళ్లీ నా పెట్టెలో పెట్టాను. బీరువా ఒత్తి కత్తిరించాను, చిమ్నీ తుడిచాను, మంట ఎత్తు సరిచేశాను. లాభం లేకపోయింది. మా షెడ్డులో పెట్టి చూస్తానని చెప్పి, నలుగురి చేత ఎత్తించి పడవలోకి చేర్చాను.

"బాబుగారండీ, ఐసు అయితే దారిలో బరువు తగ్గుద్దండి. ఇది తగ్గదేంటండీ?" అన్నాడు పడవతను గడకర్ర మీదికి ఒరిగి.

ఏలూరులో, ఇంజను పక్కన సిమెంటు దిమ్మ మీద పెట్టి దీపం వెలిగించాను. తెల్లారేసరికి నలభై డిగ్రీలు! తొమ్మిది రోజులు పరీక్షించాను. ఒక్క డిగ్రీ తేడా రాలేదు. నేనేమీ బాగుచేయలేదు. అది దానంతటదే బాగుపడి, నా షెడ్డులో నాకే చలి పుట్టిస్తోంది. తిరిగి మండవల్లికి చేర్చాను. నాలుగో రోజుకల్లా ఆగిపోయింది.

రెండోసారి వెళ్లినప్పుడు వసారాలో దాని ముందు చాలాసేపు చాప మీద కూర్చున్నాను. అక్కడ పనిచేసింది, ఇక్కడ చేయదు. మంట అదే, నూనె అదే. తేడా యంత్రంలో లేదు గనుక స్థలంలో ఉండాలి. సంచీలోంచి రసమట్టం తీసి నేల మీద పెట్టాను. గాజుగొట్టంలో బుడగ మధ్యన నిలవక నైరుతి వైపు చివరకు పోయి ఆనుకుంది. రెండడుగుల బద్ద వేసి కొలిచాను. అడుగుకు అరంగుళం వాలు, ఈశాన్యం వైపుకి.

ఆ వైపు ఇళ్లన్నీ అంతే. ఈశాన్యం పల్లంగా ఉండాలన్నది శాస్త్రం. వరద వచ్చిన ఏడు కొల్లేటి బురద గుమ్మం దాటి లోపలికి వస్తే కడిగి తూములోకి తోసేయడానికి వీలన్నది అవసరం. మామగారు దగ్గరుండి తాపీమేస్త్రీ చేత ఆ వాలును నిక్కచ్చిగా పెట్టించారని అత్తగారు గర్వంగా చెప్పేవారు. తన బరువుతో తాను జారవలసిన ద్రవం ఒరిగిన గొట్టాల్లో తప్పుదారిన చేరి నిలిచిపోతోంది. పడవ కుదుపుల్లో అది సర్దుకుంటోంది, నా సిమెంటు దిమ్మ మీద సరిగా ప్రవహిస్తోంది.

అసలు రసమట్టం అక్కర్లేదు కూడా. చీమలు ఎక్కకుండా, అన్నం బీరువాకు పెట్టినట్టే, దీని నాలుగు కాళ్ల కింద ఇత్తడి గిన్నెలు పెట్టి నీళ్లు పోశారు. నాలుగు గిన్నెల్లోనూ నీళ్లు ఈశాన్యం వైపు అంచును తాకుతున్నాయి, ఎదుటి అంచున పావంగుళం ఖాళీ ఉంది. నా కంటే ముందు నాలుగు గిన్నెలు ఆ సంగతి చెబుతూనే ఉన్నాయి.

విరుగుడు చాలా సులువు. పల్లం వైపు రెండు కాళ్ల కింద ఒక అంగుళం మందం గల టేకుచెక్కలు. నేను రసమట్టాన్ని చేతిరుమాలుతో తుడిచి, జేబులో పెట్టుకున్నాను. అప్పుడే తోడల్లుడు పెరట్లోంచి వచ్చాడు.

"ఏమన్నా అంతు దొరికిందా అన్నగారండీ?"

"లేదు" అన్నాను.

ఆ మాట నా నోట ఎంత సునాయాసంగా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

"మీ అంత చదువుకున్నాయనకే అందలేదంటే, ఇది చేసిన దొరలకీ అందదండీ. వైశాఖం దాకా చూసి మద్రాసు తిప్పి పంపేస్తాను. దండగమారి సరుకు అంటగట్టారు నాకు."

నాకు రావలసిన ఫలితం అదే. బీరువా మద్రాసు పోతుంది, టేకుపెట్టె వసారాలోకి వస్తుంది, ఆదివారం గాజుల చప్పుడు వినిపిస్తుంది. అందుకు నేను చెల్లించవలసిన ధర, ఈ మూడో ఫారం మనిషి ముందు చేతకానివాడిగా నిలబడటం. నా విద్యను నేను ఎంత ప్రేమించానో తెలిసినవాళ్లకు ఆ ధర ఎంత పెద్దదో అర్థమవుతుంది. చెల్లించాను. బీరువాను మళ్లీ ఏలూరు తీసుకుపోయి, బాగుచేస్తున్నట్టు నటించి, అది పనిచేస్తుండగానే తెచ్చి, అదే చోట, అదే గిన్నెల్లో నిలబెట్టాను. మూడు నాలుగు రోజుల్లో ఆగిపోతుందని తెలిసే నిలబెట్టాను. ఆగగానే కబురు చేస్తారు, ఐసు పంపుతాను, మందుకు ఏ లోటూ రాదు అని లెక్క వేసుకున్నాను.

కబురు రాలేదు.

మొదటి వారం నేను రోజూ కాలువ రేవు వైపు చూశాను. రెండో వారం నాలో కొత్త అసూయ మొదలైంది. వాలు మీద కూడా ఆ బీరువా పనిచేస్తోందేమో! నా సిద్ధాంతమే తప్పేమో! కొల్లేరు తగ్గిపోయి, పడవలు మధ్యలో బురదలో కూరుకుపోయే రోజులొచ్చాయి. ఎండ నూట పది దాటింది. ఎలా ఉన్నారని నేను ఉత్తరం రాయలేదు. రాస్తే, ఐసు అక్కర్లేదనే జవాబు వస్తుందని భయం.

పద్దెనిమిదో రోజున మా తోడల్లుడు తాడేపల్లిగూడెం నుంచి తంతి ఇచ్చాడు. అత్తగారికి బాగాలేదు, వెంటనే రావాలి.

ఈసారి బెజవాడ చుట్టూ రైల్లోనే వెళ్లాం. నా భార్య దారి పొడవునా ఒక్కటే అడిగింది: "మందు పడుతూనే ఉందిగా అండీ, మరెందుకిలా అయింది?"

మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరాం. అత్తగారు స్పృహలో లేరు. నేను తిన్నగా బీరువా దగ్గరికి వెళ్లి తలుపు తీశాను. దీపం బుద్ధిగా వెలుగుతోంది. లోపల థర్మామీటరు తొంభై నాలుగు చూపించింది. మందు సీసా ఆ వేడిలో ఎన్నాళ్లుగా ఉందో! సూది వేసే కాంపౌండరు అక్కడే ఉన్నాడు. మూత్రాన్ని నీలిరంగు ద్రావకంలో కాచి చక్కెర చూసే పరీక్ష అప్పుడే చేశాడు. నీలం నీలంగానే మిగలాలి. ఆకుపచ్చ, పసుపు దాటి, గాజు గొట్టంలో ఇటుకరంగు తేరి ఉంది.

"వెచ్చగా ఉందని నేను పది రోజుల కిందటే చెప్పానండీ" అన్నాడతను. "అమ్మగారే వినలేదు. పెద్దబాబుగారు చూసి పెట్టారు, ఉండనీ అన్నారు."

తోడల్లుడు కొత్త సీసా కోసం అప్పుడే గుడివాడ పోయాడు. నేను తెచ్చిన దిమ్మలో రైల్లో కరిగిపోగా మిగిలిన ఐసును టేకుపెట్టెలో సర్ది సిద్ధంగా ఉంచాను. సాయంత్రానికి మందు వచ్చింది, డాక్టరు వచ్చాడు, మర్నాటి మధ్యాహ్నానికి ఆమె కళ్లు తెరిచారు. గొట్టంలో రంగు మూడు రోజులకు ఆకుపచ్చకు దిగింది. ఆ మూడు రోజులూ గొట్టాన్ని దీపం మీద పట్టుకుని కాచింది నేనే.

నాలుగో రోజు ఇంట్లో మిగతావాళ్లు భోజనాల దగ్గర ఉన్నారు. గాలి కోసం అత్తగారి మంచాన్ని వసారాలో వేశారు. మధ్యన తలుపు లేదు. నేను లేచి వెళ్లబోతుంటే ఆమె పిలిచారు. నేను ఆమె ముఖాన్ని నిండుగా చూసింది అదే మొదటిసారి. నా భార్య నుదురు, నా భార్య గడ్డం. అంత పోలిక ఉంటుందని నేను ఊహించలేదు.

"బాబుగారూ, ఆ రోజు మీరు నేల మీద గాజుగొట్టం ఒకటి పెట్టి చూశారు కదండీ."

నేను మళ్లీ కూర్చున్నాను.

"తలుపు సందులోంచి చూశాను. గిన్నెల వైపు కూడా చూశారు. నీళ్లు రోజూ పోసేది నేనే కదండీ, ఒక పక్కకి ఒరిగి ఉండటం నాకు తెలుసు. దీని కాళ్లు సరిగా లేవేమో, పిల్లల పగిలిన పలకలు నాలుగు పెట్టిద్దామని ముందు నుంచీ అనుకుంటున్నాను. మీరు చూసి, ఏమీ అనకుండా వెళ్లారు. అంత చదువుకున్నవారు ఊరుకున్నారంటే, వాలుతో ఏం పనిలేదన్నమాట అనుకుని నేనూ ఊరుకున్నాను."

ఆమె గొంతులో నింద లేదు. అడగడమూ లేదు. నేను ఏదైనా అబద్ధం చెప్పడానికి ఆమె కావలసినంత చోటు విడిచిపెట్టారు.

"వాలే కారణమండీ" అన్నాను. "నాకు ఆ రోజే తెలిసింది."

ఆమె బీరువా కాళ్ల వైపు చూశారు.

"అయితే పెట్టండి, పలకలు" అన్నారు.

దీపం ఆర్పి, యంత్రాన్ని పూర్తిగా చల్లారనిచ్చి, టేకుచెక్కలు కోసి, రెండు కాళ్ల కింద ఒక్కొక్కటి అమర్చాను. రసమట్టం పైన పెట్టి నాలుగు వైపులా చూశాను. గిన్నెల కింద కూడా సన్నటి చీలికలు దూర్చి నీళ్లు పోశాను; అవి అంచుకు అన్ని పక్కలా సమానంగా వచ్చాయో లేదో చూడటానికి ఆమె మంచం మీద నుంచే మెడ ఎత్తారు. సాయంత్రం దీపం వెలిగించాం. పొద్దుటికి నలభై ఒకటి. దాని తరవాత అది ఆగలేదు.

"చెక్కముక్కా అండీ? ఒట్టి చెక్కముక్కా!" అన్నాడు తోడల్లుడు, ముందు తెల్లబోయి, తరవాత పగలబడి నవ్వి. "నేను మద్రాసు ఏజెంటుకి నాలుగు ఉత్తరాలు రాశానండీ బాబూ! మా అన్నగారు లేకపోతే దీన్ని కోళ్లగూడు చేసుకోవాల్సిందే." ఈ మాట అతను తాడేపల్లిగూడెంలో మిల్లుకు వచ్చినవాళ్లందరికీ చెప్పాడట. అతని మనసులో కల్మషం లేదు. అది కూడా నేను అతని దగ్గర చూసి ఓర్వలేని వస్తువుల్లో ఒకటి. అసలు జరిగింది అత్తగారు అతనికి చెప్పలేదు. తన కూతురికీ చెప్పలేదని నా భార్య ముఖం చూసి గ్రహించాను. నా భార్యకు నేనే చెప్పాను, చాలా ఏళ్ల తరవాత.

ఆరోగ్యం కుదుటపడ్డాక అత్తగారు మళ్లీ తలుపు చాటుకు వెళ్లిపోయారు. నేను ఐసు లేకుండానే ఆదివారాలు వెళ్లేవాణ్ని. టేకుపెట్టెలో అప్పడాలు దాస్తున్నారు; ఊక పొడిగా ఉండటం వల్ల అవి మెత్తబడవట. గుమ్మంలో అడుగుపెట్టగానే గాజుల చప్పుడు వినిపించేది. ఆ వెంటనే ఆమె గొంతు:

"పెద్దబాబుగారు వచ్చారా అండీ? ఒకసారి మట్టం చూడమనండి."

నేను రసమట్టం తీసి బీరువా మీద పెట్టేవాణ్ని. బుడగ మధ్యలోనే ఉండేది. గచ్చు నేల, టేకుచెక్క. కదలడానికి కారణం లేదు. ఆ సంగతి గిన్నెల్లో రోజూ నీళ్లు పోసే ఆమెకు నాకంటే బాగా తెలుసు. "సరిగా ఉందండీ" అనేవాణ్ని. "సరే" అనేవారు. ఆమె బతికి ఉన్నన్నాళ్లూ, ఒక్క ఆదివారం కూడా తప్పకుండా, అదే ప్రశ్న, అదే జవాబు. నన్ను ఇంకా నమ్మలేక అడిగేవారో, నాకు ఆ ఇంట్లో ఒక పని మిగల్చాలని అడిగేవారో నేను తేల్చుకోలేకపోయాను.

ఒకసారి ఏలూరు తిరిగి వస్తూ పడవలో నా భార్యను అడిగాను.

"మీ అమ్మగారు మీ మరిదిగారిని, వచ్చీరాగానే ఏమడుగుతారు?"

"ఏమడుగుతుందండీ? భోంచేశారా అని అడుగుతుంది."

పడవ కొల్లేటికోట దాటేదాకా నేను 'ఐసు తరవాత' అన్న ఆ పాత మాటలనే తలచుకుంటూ కూర్చున్నాను.